పచ్చ గుర్తు

ఎస్బియర్,
ఆదివారం

మా సిసెల్‌కి,

నీ సలహా అందింది. అందిన రోజు నుంచీ దాని ప్రకారమే ఆడాను. మళ్ళీ ఓడాను. తప్పు నీ సలహాది కాదు, నాది. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని కంగారు పడకు. కుడి చెయ్యి ఇంకా బద్ధకం వదల్లేదు. ఫోనులో మాట్లాడదామంటే మాట తడబడుతుంది, అవతలివాళ్ళ గొంతులో జాలి వినిపిస్తుంది. కాగితం జాలిపడదు. అందుకే కదా ఈ కాలంలో కూడా మనిద్దరం ఉత్తరాలు రాసుకుంటున్నాం.

ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి పడిపోయినప్పుడు రేవులో నా క్రేన్‌ని తాత్కాలికంగా ఇంకొకరి చేతికిచ్చారు. ఇప్పుడు డాక్టరు పనిలోకి వెళ్ళొచ్చని రాసిచ్చాడు. వచ్చే శుక్రవారంలోగా ఏ సంగతీ తేల్చి చెప్పమని కంపెనీవాళ్ళు అడుగుతున్నారు. డాక్టరుదేముంది, పైకెక్కి క్రేన్ నడిపేది ఆయన కాదు కదా. ఓడలోకి ఎక్కించడానికి గాలిమర రెక్కని పైకెత్తి తిప్పుతున్నప్పుడు కింద తాడు పట్టుకుని నాతో పనిచేసే కాయ్ నిలబడి ఉంటాడు. పైన ఉన్నది నేనన్న ధైర్యంతో వాడు తలెత్తి కూడా చూడడు. నా తల ఒక్క క్షణం తప్పితే వాడుండడు.

అందుకే నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను, నీకు తెలిసిందే. వేసవంతా కంప్యూటర్లో చిన్న పందేల పోకర్ ఆడాలి. డబ్బు కోసం కాదు. సాయంత్రమంతా ఓడినా ఒక ఎర్ర సాసేజ్ ఖరీదు దాటదు. తల నిలకడగా లెక్క వేస్తోందా, తిక్క రేగినప్పుడు నన్ను నేను పట్టుకోగలుగుతున్నానా, అది చూసుకోవాలని. కాయ్‌కి చెబితే పడీ పడీ నవ్వాడు. "పేకాటలో గెలిస్తే క్రేన్ ఎక్కుతావా? అయితే నేను లూడోలో గెలిచి గుండె ఆపరేషన్లు చేస్తాలే" అన్నాడు. నవ్వనీ. కింద నిలబడేది వాడే అయినా, పైనుంచి చూడాల్సింది నేను.

ఇప్పుడు తేలిపోయింది. మిగతావాళ్ళతో ఎలాగో నెట్టుకొస్తున్నాను. 'బూడిద పిచ్చుక' అని పేరు పెట్టుకున్నవాడు ఒకడున్నాడు, వాడి దగ్గర మాత్రం ప్రతిసారీ బోల్తా పడుతున్నాను. నువ్వు చెప్పినట్టే, వాడు చివర్లో పందెం పెంచినప్పుడల్లా నేనూ కలిపి ముక్కలు చూపించమన్నాను. ప్రతిసారీ వాడి దగ్గర పెద్ద ముక్కలే ఉన్నాయి. నీ లెక్క తప్పు కాదు, ఈ ఆట నువ్వు నాకంటే బాగా చదువుకున్నావు. మంచి సలహా చేతిలో ఉండి కూడా ఓడుతున్నానంటే నా తలలో ఏదో చెడింది. ఎక్కడ చెడిందో కూడా నాకు తెలియడం లేదు, అదే భయం.

శుక్రవారం వెళ్ళి పని మానేస్తున్నానని సంతకం పెట్టేస్తాను. మీ అమ్మకి నేను చెప్పేదాకా నువ్వు చెప్పకు. ఇన్నాళ్ళూ ఓపిగ్గా నాకు నేర్పించినందుకు నీకు రుణపడి ఉంటాను.

నీ మామయ్య,
టోర్కిల్


ఓర్హుస్,
మంగళవారం

టోర్కిల్ మామయ్యా,

సంతకం పెట్టకు. మిగతాదంతా చదవబుద్ధి కాక చించి పారేసినా సరే, ఈ ఒక్క మాట మాత్రం విను. సంతకం పెట్టకు.

బూడిద పిచ్చుక ఎవడో కాదు. నేనే.

రాసేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నిన్నటి నుంచి ఎన్ని కాగితాలు నలిపి పారేశానో. నువ్వు "రుణపడి ఉంటాను" అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగి మళ్ళీ మళ్ళీ చదివాను. నీ పరీక్ష ఏమిటో, దాని మీద నీ బతుకు ఎంత ఆధారపడి ఉందో మొదటి నుంచీ తెలిసినదాన్ని. తెలిసి తెలిసి నిన్ను ఓడించాను. తెలియక మొదలైంది, తెలిశాక కూడా మానలేదు. మొదటిదానికి నన్ను క్షమించవచ్చు. రెండోదానికి ఏమంటావో నాకు తెలియదు.

ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. మనం కలిసి ఈ ఆట నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నువ్వు రెండు నియమాలు పెట్టావు. ఎటూ తేల్చుకోలేకపోయిన ఆట ఏదైనా ఉంటే అవతలివాళ్ళకి రాసి పంపాలి, కానీ చివరికి గెలిచామో ఓడామో మాత్రం రాయకూడదు. ఫలితం ముందే తెలిస్తే సలహా చెప్పేవాళ్ళ బుర్ర అటే వాలిపోతుందన్నావు. రెండోది, మనిద్దరం ఎప్పుడూ ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదు. "ఒకరి బలహీనతలు ఒకరికి తెలిసినవాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే అది ఆట కాదు, జేబు కొట్టడం" అని నువ్వే రాశావు. చదివి నవ్వుకున్నాను. మన ఇద్దరి జేబుల్లో కొట్టడానికి ఏముంది అనుకున్నాను.

నా తిక్క సంగతి నీకు తెలుసు. ఒక ఆట పోతే దాన్ని రాబట్టాలని ఇంకోటి, అది పోతే మరోటి, అలా ఉండేదాన్ని. ఓడినప్పుడు లేచి వెళ్ళి గిన్నెలు కడగమన్నావు. చేతులు తడిగా ఉంటే మౌస్ పట్టుకోలేవు, ఆ కాసేపట్లో తల చల్లబడుతుందన్నావు. అలాగే చేశాను. నా వంటిల్లు ఎన్నడూ లేనంత శుభ్రంగా తయారైంది, నేనూ కొంచెం మనిషినయ్యాను. ఓడితే ఓడాను, సరిగ్గా ఆడానా లేదా అన్నదే చూసుకోవాలి అనే మాట నువ్వు చెప్పాకే నా బుర్రకెక్కింది. అంటే చూడు, నీ దగ్గర నేర్చుకున్న నిలకడతోనే నిన్ను కొట్టాను.

ఆ తర్వాత నేను ఎక్కడో ఒక పాఠం విన్నాను. చిన్న పందేల్లో గొప్పగా ఆడనక్కర్లేదు, నీకంటే అధ్వానంగా ఆడేవాణ్ణి వెతికి పట్టుకుంటే చాలు, అని. అందరూ చేసేదే అది. ఎవరి ఆట చూసినా వాళ్ళ పేరు పక్కన ఒక రంగు గుర్తు పెట్టుకుంటాం. గట్టివాళ్ళకి ఎరుపు, తేలిగ్గా దొరికేవాళ్ళకి పచ్చ. మనం పెట్టిన గుర్తు మనకే కనిపిస్తుంది. పచ్చ గుర్తు మనిషి ఏ బల్ల దగ్గర కూర్చుంటే మనమూ అక్కడికే పరిగెత్తాలి, అతని తర్వాత మన వంతు వచ్చే కుర్చీ పట్టుకోవాలి. అతను ఏం చేస్తాడో చూశాక మనం చేయవచ్చు.

'రబార్బర్' అనే పేరుకి నేను పచ్చ గుర్తు పెట్టాను. ఒక పెద్ద ఆట పోయిందంటే చాలు, ఆ తర్వాత అరగంటసేపు ఆ మనిషి చేతికొచ్చిన ఏ ముక్కలూ పడేయలేడు. అన్నిటికీ పందెం కలుపుతూనే ఉంటాడు. ప్రతి సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, రొట్టె ముక్క నోట్లో ఉండగానే ముందు ఆ పచ్చ చుక్క కోసం చూసేదాన్ని. కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది. నీకు పుల్లటి రబార్బర్ కాడల పాయసం వాసనంటేనే పడదు, ఆ పేరు పెట్టుకున్నది నువ్వని ఎలా అనుకుంటాను? నీ పాత పేరు నాకు తెలుసు, ఆ పేరు కనిపించిన బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. నా పేరు నువ్వు అడగలేదు, తప్పుకోవాల్సింది నేనే అనుకున్నాను. నువ్వు పేరు మార్చుకున్నావని నాకు చెప్పలేదు. ఇది నీ మీద నేరం మోపడానికి రాయడం లేదు మామయ్యా. ఇక్కడిదాకా నా తప్పు లేదని చెప్పుకోవడానికి, అంతే.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో భోజనాల గదిలో కూర్చుని చదివాను. నీ చేతిలో రాజు, రాణి. మధ్యలో అందరికీ కలిపి పరిచిన ముక్కల్లో ఇంకో రాజు. ఆఖరి ముక్క ఇస్పేటు ఏడు పడింది, దాంతో మధ్యలో ఇస్పేట్లు మూడయ్యాయి. అప్పటిదాకా నోరు మెదపని అవతలి మనిషి ఒక్కసారిగా పందెం పెంచేశాడు. "కలపనా, పడేయనా? నువ్వయితే ఏం చేస్తావు?" అని అడిగావు. నియమం ప్రకారం చివరికి ఏమైందో రాయలేదు. రాయక్కర్లేదు, నాకు తెలుసు. ఐదు ఇస్పేట్లు కలిస్తే నీ రాజుల జత ఓడిపోతుంది, ఆ ఆటలో మిగతా రెండు ఇస్పేట్లూ నా చేతిలోనే ఉన్నాయి.

నా మొహం చూసి హన్నె అడిగింది, నాతో పనిచేసే అమ్మాయి. "ఏంటే అలా అయిపోయావు, ఎవరైనా పోయారా?"

"లేదు, మా మామయ్య ఉత్తరం."

"ఆయనకి బానే ఉందా?"

"బానే ఉంది. పేకాటాడుతున్నాడు" అన్నాను. అది నవ్వింది. నేనూ నవ్వాను, మామయ్యా. అదే నా మొదటి అబద్ధం.

ఆ రోజే నీకు నిజం రాయాల్సింది. రాయలేదు. సిగ్గుపడి అని చెప్పొచ్చు, అది సగమే నిజం. మిగతా సగం చెప్పడానికి నోరు రావడం లేదు కానీ చెబుతాను. ఆ ఆటలో నేను మొదటిసారి గెలుస్తున్నాను. దుకాణంలో ఎవరి ముక్కు మీద ఏ ఫ్రేము కూర్చుంటుందో చూడటం తప్ప నాకింకేదీ బాగా రాదని మా అమ్మ అనే మాట తెలుసు కదా. ఇదొకటి వస్తోంది అనుకున్నాను. నీకు నిజం చెబితే పచ్చ చుక్క పోతుంది. ఇంకొక్క వారం చూద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. అలా అనుకుంటూ నీకు జవాబు రాశాను. "ఆ మనిషి ఆట చూస్తే ఊరికే బెదిరించే రకంలా ఉన్నాడు. చివర్లో పెంచినప్పుడల్లా కలుపు. రెండు మూడుసార్లు పోయినా మొత్తం మీద లాభమే."

అది అబద్ధమని నాకు తెలుసు. మనిద్దరం కలిసి నేర్చుకున్న మొదటి సూత్రానికే అది విరుద్ధం. చిన్న పందేల బల్ల దగ్గర, అంతసేపూ నోరు మూసుకుని కూర్చున్నవాడు ఆఖరి ముక్క దగ్గర ఉన్నట్టుండి పెంచాడంటే వాడి చేతిలో ఉన్నట్టే. పడేసి ఊరుకోవాలి. ఆ మాట నువ్వే నాకు చెప్పావు. దాన్ని తిరగేసి నీకే పంపాను. రాసి, స్టాంపు అంటించి, ఆ సాయంత్రమే పోస్టులో వేశాను.

ఆ తర్వాత కూడా వచ్చి కూర్చున్నాను. నీ తిక్క అరగంట ఉంటుందని నీ ఉత్తరాల్లో నువ్వే రాశావు. నువ్వు ఇంకెవరి దగ్గరో పెద్ద ఆట ఓడేదాకా కాచుకుని ఉండి, అప్పుడు పెంచేదాన్ని. కంచే చేను మేసింది మామయ్యా. అన్ని సాయంత్రాల్లో నేను గెలుచుకున్నది రెండు దాల్చినచెక్క బన్నులకి కూడా సరిపోదు. అందుకే అది తప్పులా అనిపించలేదు. సొమ్ము చిన్నదయితే పాపం కూడా చిన్నదే అనుకున్నాను.

పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. "మీ మామయ్యకి ఏమైందో తెలీడంలేదే. నేను వెళ్ళేసరికి గిన్నెలు కడుగుతున్నాడు. కడిగినవే మళ్ళీ తీసి కడుగుతున్నాడు. అలమారలో ఉన్న పెళ్ళినాటి పింగాణీ కూడా దించాడు. ఎందుకురా అంటే, ఊరికే అక్కా అన్నాడు. శుభ్రం ఎక్కువైంది వాడికి" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ గిన్నెలు ఎందుకో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. తేలు కుట్టిన దొంగలా ఊ కొట్టి ఫోను పెట్టేశాను. అయినా నీకు రాయలేదు. ఆదివారం నువ్వు రాసిన ఉత్తరం నిన్న చేతికొచ్చాక గానీ నాకు బుద్ధి రాలేదు.

నీ తలకేమీ కాలేదు మామయ్యా. నీ మీద నీకు నమ్మకం లేని రోజుల్లో నన్ను నమ్మావు, నేను నిన్ను తప్పుదారి పట్టించాను. ఎంత మంచి తల అయినా, అబద్ధం చెబితే ఆ అబద్ధం ప్రకారమే లెక్క వేస్తుంది. నువ్వు ఓడింది నీవల్ల కాదు, నావల్ల. దీని మీద ఆధారపడి క్రేన్ వదిలేయకు.

ఆట మానేశాను. నిన్న సాయంత్రం ఆ ప్రోగ్రామ్ కంప్యూటర్లోంచి తీసేశాను. జన్మలో మళ్ళీ పేక ముక్క ముట్టను. ఆస్పత్రిలో చూసినప్పటి నుంచి నీ దగ్గరికి రాలేకపోయాను, దుకాణంలో పని ఎక్కువగా ఉంది. కానీ పోస్టులో వేస్తే, ఎక్కడైనా ఆలస్యమైతే ఇది శుక్రవారానికి చేరదు. అందుకని రేపు పని అవగానే రైలెక్కి నేనే తీసుకొస్తాను. గంట కొట్టి నీ చేతికిస్తాను. చదువుతూ నన్ను తిట్టు. నిలబడి వింటాను.

నీ నమ్మకాన్ని తినేసిన
సిసెల్


ఎస్బియర్,
ఆదివారం

సిసెల్‌కి,

చదివాను. రెండో పేజీ సగంలో ఆపేసి గిన్నెలు కడుగుదామని లేచాను. ఇంట్లో కడగడానికి ఒక్క చెంచా కూడా మిగల్లేదు. కాసేపు అక్కడే నిలబడి, వచ్చి మిగతాది చదివాను.

నాకు కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఫరవాలేదులే అని నా చేత అనిపించుకోవాలని చూడకు, అనను. ఓడినందుకు కాదు. మొదట్లో నేను ఆడిన తీరుకి నువ్వు పెట్టిన పచ్చ గుర్తు న్యాయమైనదే. నువ్వు నన్ను చూసుకుంటూ కూర్చుంటావని, నేను ఓడితే జాలిపడతావని పేరు మార్చుకున్నాను. అది నా తెలివి. కోపం ఎందుకంటే, నేను దారి అడిగాను, నువ్వు గోతివైపు వేలు చూపించావు.

కానీ ఒక సంగతి నీకు తెలియదు. గురువారమంతా కూర్చుని పిచ్చుకతో ఓడిన ఆటలన్నీ మళ్ళీ తెరిచి చూశాను. మొదటిసారి కుతూహలం ఆపుకోలేక పందెం కలిపాను, అది నా తప్పే. ఆ తర్వాతివి మాత్రం, ఒక్కొక్కటి చూస్తుంటే ఆ క్షణం ఏమనుకున్నానో గుర్తొచ్చింది. ప్రతిసారీ నా తల 'పడెయ్' అంది. వాడి దగ్గర ఉంది, పడెయ్ అని స్పష్టంగా అంది. నేనే వినలేదు. పక్షవాతం వచ్చిన తల మాట వినాలా, చదువుకున్న మేనకోడలి మాట వినాలా అనుకుని నీ మాట విన్నాను. అంటే చెడింది నా తల కాదు. అది సరిగ్గానే చెబుతోంది. దాన్ని లెక్కచేయకపోవడం నేను చేసిన పని. ఈ ముక్క తెలుసుకోవడానికి నువ్వు అబద్ధం చెప్పాల్సి వచ్చిందని నీకు థాంక్స్ చెబుతాననుకోకు.

శుక్రవారం కంపెనీకి వెళ్ళాను. మానేస్తానని సంతకం పెట్టలేదు. వస్తానని కూడా పెట్టలేదు. నన్ను క్రేన్ ఎక్కించి పరీక్షించండి అన్నాను. అక్కడి మేనేజరు నా వంక వింతగా చూసింది.

"ఆ మాట జూన్‌లో అడిగుంటే జూన్‌లోనే పెట్టేవాళ్ళం కదయ్యా. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?"

"పేకాట" అన్నాను. ఆమె ఫోను తీసి అప్పటికప్పుడే క్రేన్ ఖాళీ చేయించింది.

పక్కన ఇంకో ఆపరేటరుని కూర్చోబెట్టి, రెక్క తగిలించకుండా ఖాళీ కొక్కెంతో నడపమన్నారు. కింద ఎవరూ ఉండకూడదని చెప్పారు. చూస్తే కాయ్ నిలబడి ఉన్నాడు. "తప్పుకోరా" అని అరిచాను. మాట ముద్దగా వచ్చింది. వాడు చెయ్యి చెవి దగ్గర పెట్టి, "ఏంటీ? వినపడ్డంలేదు" అని అరిచాడు. వినపడింది వాడికి. ఎన్ని కేకలేసినా కదల్లేదు. చివరికి మేనేజరు వెళ్ళి వాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కెళ్ళింది. ఆ తర్వాత కొక్కెం నేను దించాలనుకున్నచోటే దిగింది. వచ్చే వారం మళ్ళీ పరీక్ష ఉంది, ఈసారి బరువుతో. నెగ్గుతానో లేదో తెలియదు. నెగ్గకపోతే అప్పుడు మానేస్తాను, అది నిజమైన లెక్క.

ఇక నీ శపథం. జన్మలో ముక్క ముట్టనన్నావు. తప్పు చేసింది నువ్వు, అలిగేది కూడా నువ్వేనా? ఓడినవాడు బల్ల తన్ని లేచిపోయినట్టుంది నువ్వు మానేయడం. అదీ తిక్కే. ఆడితే ఆడు, మానితే మాను, నా పేరు చెప్పి మాత్రం ఏదీ చెయ్యకు. నేను ఇక నీకు ఆటలు రాసి పంపను. ఆ నమ్మకం ఇప్పట్లో రాదు. వస్తే చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. పిచ్చుక కంటే ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గంట కొడతానని రాశావు. బుధవారం సాయంత్రం నేను వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాను. ఇంకా వెలుతురుంది, అంతా కనిపించింది. గేటు తీసుకుని వచ్చావు. గంట మీదికి వేలు తీసుకెళ్ళావు. అలా పెట్టినట్టే పెట్టి వెనక్కి తీసుకున్నావు. ఉత్తరం డబ్బాలో పడేసి, చప్పుడు కాకుండా గేటు వేసి, వెళ్ళిపోయావు.

దుకాణంలో పని ఎక్కువని రాశావు. ఓర్హుస్ నుంచి రావడానికి ఏపాటి సేపు పడుతుంది? ఆస్పత్రిలో నన్ను చూసినప్పుడు నీ కళ్ళు నా మొహం మీద ఒక్క క్షణం ఆగి, పక్కనున్న పూలకుండీ మీదికి పోయాయి. వెళ్ళేదాకా ఆ కుండీతోనే మాట్లాడావు. నా మొహంలో సగం జారిపోయింది, నాకు తెలుసు. రోజంతా జనం మొహాలు పట్టుకుని కళ్ళజోళ్ళు సరిచేసేదానివి, సొంత మామయ్య మొహం చూడలేకపోయావు. ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు, అడిగితే నువ్వు రాయడం కూడా మానేస్తావేమోనని. కాయ్ ఏమంటాడో తెలుసా? "రేవు మొత్తానికి నీదే ఇప్పుడు గొప్ప పోకర్ మొహం, సగం అసలు కదలదు. తీరా చూస్తే నువ్వు ఆడేది మొహం కనపడని ఆట!" అంటాడు. నీ ఉత్తరం చదివాక ఆ మాటకి నవ్వు రాలేదు. తెర మీద నాకు మొహం లేదు కాబట్టే నువ్వు నన్ను అన్నిసార్లు కొట్టగలిగావు. ఎదురుగా కూర్చుని ఉంటే ఒక్కసారి కూడా నీకు చెయ్యి రాదు. అంత నమ్మకం మాత్రం నీ మీద ఇంకా ఉంది.

అయినా నేను మాత్రం ఏం గొప్ప? తలుపు తీసి పిలవొచ్చు. తలుపు దాకా వెళ్ళాను కూడా. నీ పేరు నాకిప్పుడు సరిగ్గా పలకదు, సిసెల్. సకారాలు జారిపోయి ఇంకేదో వస్తుంది. చిన్నప్పటి నుంచి నిన్ను పిలిచిన గొంతుతో అలా పిలిస్తే నువ్వు ఏమైపోతావోనని, నీ కళ్ళు మళ్ళీ పూలకుండీ వెతుక్కుంటాయేమోనని నోరు మూసుకున్నాను. తలుపు వెనకాల నిలబడి నీ అడుగుల చప్పుడు ఆగేదాకా విన్నాను.

నువ్వు చేసినదానికి శిక్ష వేయమన్నట్టు రాశావు. వేస్తున్నాను. శనివారం రా. గంట కొట్టు. నేను తలుపు తీసి నీ పేరు పెట్టి పిలుస్తాను, ఎలా వస్తే అలా. నువ్వు ఏడ్చినా సరే, నవ్వినా సరే. చూపు మాత్రం తిప్పుకోకు.

టోర్కిల్ మామయ్య